తలుపు తెరిచేలోగా వెండిపాయ

పోయిన వారం అత్తగారు తలగుడ్డ విప్పింది, అది చూసి దువ్వెనకి నోట మాట రాలేదు, అక్కడ ఆపాం. అప్పట్నుంచీ పాపం ఆ మనిషి నోరు తెరుచుకునే నిలబడి ఉంది. ముందు ఆ నోరు మూయించి తరవాత కథలోకి వెళ్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. ఈ అత్తగారు నిజానికి ఎవరి అత్తగారూ కాదు. టీవీలో రోజూ సాయంత్రం వచ్చే సీరియల్లో కోడల్ని రాచిరంపాన పెట్టే అత్తగారి వేషం ఆవిడది. ఏళ్ల తరబడి అదే వేషం వేసీ వేసీ, కూరగాయల కొట్టువాడి దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ అత్తగారే అయిపోయింది. ఎడమ కణత మీద మొదలై చెవి వెనక్కి జారే తెల్లటి జుట్టు పాయ ఒకటి ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఉంది. సెట్లో దాన్ని వెండిపాయ అంటారు. అది తెర మీద కనిపిస్తే చాలు, ఇళ్లల్లో కోడళ్లు పళ్లు నూరతారు. మిగతా తలకి నెలనెలా రంగు వేసేది దువ్వెన. ఆ సీరియల్‌కి జుట్టు పని చూస్తుంది, కొప్పులో ఎప్పుడూ ఒక దువ్వెన గుచ్చుకుని తిరుగుతుంది, అందుకని ఆ పేరు. మిగతా తలంతా తన ఇష్టమే గానీ వెండిపాయ జోలికి మాత్రం ఏనాడూ పోలేదు.

మొన్న వాన సీను తీశారు. అత్తగారు నిలువునా తడిసి కోడలి గుమ్మం ముందుకొచ్చి, బెల్లు నొక్కడానికి చెయ్యెత్తుతుంది. అక్కడ కట్. తలుపు తెరుచుకున్నాక జరిగేది వచ్చే వారం తీస్తామన్నారు. ఆ మాట నమ్మి ఇంటికెళ్లిన మనిషి, నిన్న ఉన్నట్టుండి వెండిపాయకి నల్లరంగు పులిమేసుకుంది. ఎందుకో చెప్పలేదు. ఇవాళ తెల్లవారగానే ఫోను. సెట్టు సాయంత్రానికి పీకేస్తున్నాం, లోపలి సీను ఇవాళే, వెంటనే రండి అని.

అదీ సంగతి. ఇప్పుడు మేకప్ గదిలో అద్దం ముందు కుర్చీ, కుర్చీలో అత్తగారు, వెనకాల దువ్వెన.

"ఏం రాశారు దీనికి?" అంది దువ్వెన, ఎట్టకేలకు నోరు పెగిలి.

"నిన్న నల్లరంగు."

"అది కాదు. ఆ తరవాత?"

పాయ కుదుళ్ల దగ్గర నల్లగా ఉంది. మధ్యలో తుప్పు పట్టిన మేకు రంగు. కొసల్లో మళ్లీ నలుపు. అత్తగారు అద్దంలోంచి చూపు తప్పించింది.

"పొద్దున ఫోను రాగానే కాళ్లూ చేతులూ ఆడలేదే. బాత్రూంలో మొహానికి రాసుకునే బ్లీచు కనబడింది. మొహం మీద వెంట్రుకల్ని తెల్లగా చేస్తుంది కదా, ఇవీ వెంట్రుకలే కదా అని..."

"ఇన్నేళ్లు నా చేతికింద కూర్చుని ఇదా మీరు నేర్చుకుంది!"

"తిట్టు. తిట్టేసి బాగుచెయ్యి."

తిట్టడానికి తీరిక లేదు. ఆ లోపలి సీను అత్తగారికి ఏమిటో దువ్వెన కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆ స్టూడియోలో లేరు. ఇన్నాళ్లూ ఆవిడ నోటికి వచ్చినవన్నీ సాధింపులే. కళ్లెర్ర జెయ్యడం, తలుపులు విసిరి మూయడం, పళ్లు కొరకడం. ఈ సీనులో మాత్రం, తడిసి ముద్దయి, కోడలి ఎదురుగా నిలబడి, "నీ తప్పేం లేదు, తప్పంతా నాదే" అని మొదలుపెట్టి మనసులో ఉన్నదంతా చెప్పి, అక్కడే గుమ్మంలో కూలిపోయి ప్రాణం వదులుతుంది. వేషానికి అదే ఆఖరు. రచయిత ఎన్నడూ లేనిది రెండు నిండు పేజీల డైలాగు రాసిచ్చాడు. ఆ కాయితాలు చేతికొచ్చినప్పట్నుంచీ అత్తగారు గ్యాసు స్టవ్వుతోనూ బీరువా తలుపుతోనూ అదే చెప్పుకుంటోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మనిషిలా మాట్లాడి వెళ్లిపోవాలని ఆవిడ కోరిక.

గుమ్మం బయట వెండిపాయతో తడిసిన మనిషి, గుమ్మం లోపలికి నల్లటి తలతో అడుగుపెడితే చూసేవాళ్లు నవ్విపోతారు. ఇది మేనేజరుకీ తెలుసు. అందుకే ఆయన అప్పుడే తలుపు తోసుకుని వచ్చాడు, చేతిలో టీ గ్లాసుతో.

"ఏమ్మా దువ్వెనా, ఎంతవరకూ వచ్చింది? తెల్ల పెయింటు కొట్టెయ్, అయిపోతుంది."

"తడిసి రావాలి సార్. నెత్తిన నీళ్లు పడగానే పెయింటు బుగ్గ మీదికి కారుతుంది. చావబోయే మనిషి మొహాన సున్నం కారుతుంటే కోడలు ఏడవాలా, నవ్వాలా?"

"విగ్గు పెట్టు."

"తడిసిన విగ్గు దగ్గర్నుంచి తీస్తే చీపురుకట్టే."

మేనేజరు టీ చప్పరించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పని తెమలడం తప్ప ఆయనకి ఇంకో ధ్యాస లేదు, అంతే. "అయితే వినండి మేడమ్," అన్నాడు అత్తగారితో, "బయట వడ్రంగులు సుత్తులు పట్టుకుని కూర్చున్నారు. భోజనాలు అయ్యేలోగా ఆ పాయ తెల్లబడితే మీ సీను మీది. లేదంటే కోడలికి ఒక ఫోను. మీ అత్తగారు వానలో పడిపోయారు, ఇక లేరు అని అవతల్నుంచి ఎవరో చెప్తారు. కోడలు ఏడుస్తుంది. కథ అటో ఇటో నడుస్తుంది."

"నా చావు ఎవడో ఫోన్లో చెప్తాడా?" అంది అత్తగారు. ఆ గొంతు విని మేనేజరు గ్లాసు కింద పెట్టేశాడు. టీవీలో ఆ గొంతు వినిపిస్తే పిల్లలు మంచం కింద దూరతారు మరి.

ఆయన వెళ్లగానే దువ్వెన తలుపు గడియ పెట్టి, చీర చెంగు నడుముకి బిగించింది.

"తెల్లగా అవుతుందా?" అంది అత్తగారు.

"తెల్లగా అవడానికి అదేమైనా నల్లగా పుట్టిందా? లోపల తెల్లగానే ఉంది. మీరు పైన పులిమింది లాగేయాలి, అంతే. ఇంక బ్లీచు ఊసెత్తితే మాత్రం జుట్టు చేతిలోకి ఊడొస్తుంది. చెప్పినట్టు వినండి."

రంగు లాగే మందు రెండు సీసాల్లో ఉంటుంది. రెండూ కలిపిన క్షణంలోనే పూయాలి. దువ్వెనకి ఒక అలవాటుంది. ఎంత తొందరైనా, ఏ మందునైనా ముందు చెవి వెనక నాలుగు వెంట్రుకల మీద వేసి చూస్తుంది. తరవాత ఆ వెంట్రుకల్ని వేలికి చుట్టి లాగుతుంది. తెగితే ఆ మందు ఆ తలకి పనికిరాదు. ఈ అలవాటు చూసి సెట్లో అందరూ వేళాకోళం చేస్తారు. పెళ్లిచూపులకి కూడా నాలుగు వెంట్రుకలు తెమ్మంటావా అని లైట్లవాళ్లు అడుగుతుంటారు. నవ్వేవాళ్లని నవ్వనిచ్చి తన పని తను చేసుకుంటుంది.

నాలుగు వెంట్రుకలు తెగలేదు. పైగా చివర్లో నలుపు కాస్త కరిగింది. దువ్వెన పాయని విడిగా తీసి, చుట్టూ ఉన్న నల్లజుట్టుకి మందు అంటకుండా దూది అడ్డం పెట్టి, కుదుళ్ల దగ్గర చర్మానికి క్రీము దట్టంగా రాసింది. మందు పూసి పలచటి ప్లాస్టిక్ చుట్టి, పైన వేడినీళ్లలో పిండిన తువ్వాలు కప్పింది. గదంతా కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టింది.

"ఏమిటే ఈ వాసన! నేను సీనులో చావాలి గానీ ఇక్కడ కాదు."

"రంగు చచ్చే వాసన అది. ముక్కు మూసుకుని డైలాగు చెప్పుకోండి."

అత్తగారు ముక్కు మూసుకుని, "దీ తప్పేం లేదు, తప్పంతా దాదే" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు. అంత కంగారులోనూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

తువ్వాలు తీసి చూసేసరికి నలుపు పోయింది. తుప్పురంగు ఉన్నచోట కాస్త పసుపు మిగిలింది, మిగతాదంతా ఎండుగడ్డి తెలుపు. అత్తగారు అద్దంలోకి వంగి తన పాయని తనే ముట్టుకుని, "వచ్చేసింది! వచ్చేసిందే!" అని లేవబోయింది.

"కూర్చోండి. ఇంకా కడగాలి. చాలాసేపు కడగాలి."

ఈ మందు రంగుని ఊడదీస్తుంది గానీ బయటికి పంపించదు. పంపించాల్సింది నీళ్లే. లోపల ఏ కాస్త మిగిలినా గాలి తగలగానే మళ్లీ కూడుకుంటుంది. దువ్వెన అత్తగారి తలని తొట్టి మీదికి వంచి, కొళాయి తిప్పి, షాంపూ వేసి కడగడం మొదలుపెట్టింది. కడిగీ కడిగీ భుజం లాగుతున్నా ఆపలేదు. ఇంతలో తలుపు దబదబ మోగింది. "అయిందా? అయిందా?" అని మేనేజరు.

"చాల్లేవే, తెల్లగానే ఉంది," అంది అత్తగారు, తల ఎత్తేసి.

"చాలదు."

"మెడ విరిగిపోతోందే! వాళ్లకి చూపిస్తే కాస్త కుదుటపడతారు. ఇయ్యి ఆ తువ్వాలు."

పెద్దావిడ. మెడ నొప్పి నిజమే. దువ్వెన మనసు ఒప్పుకోకపోయినా చెయ్యి తువ్వాలు అందించింది. మేనేజరుకి చూపించారు, ఆయన బొటనవేలు ఎత్తి పరుగెత్తాడు. అత్తగారు వేడిగాలి మిషను కింద కూర్చుని హాయిగా కళ్లు మూసుకుంది. దువ్వెన పక్కగదిలో తడిచీర సర్దడానికి వెళ్లి, తిరిగొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

పాయ తెల్లగా లేదు. బురదనీళ్ల రంగులో ఉంది. చూస్తుండగానే కుదుళ్ల దగ్గర్నుంచి నలుపు నెమ్మదిగా కొసల వైపు పాకుతోంది.

అత్తగారు కళ్లు తెరిచింది. అద్దంలో తనని చూసుకుంది. కేకలు వేస్తుందనుకుంది దువ్వెన. వెయ్యలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "వదిలెయ్యవే," అంది చిన్నగా. "ఫోన్లోనే పోనీ నన్ను."

"ఏమన్నారు?"

"రాసిపెట్టి లేదు. వదిలెయ్."

దువ్వెనకి ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ అణుచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఎవరు వదిలెయ్యాలి? నేనా? మీ తలని ఇన్నేళ్లు నా కడుపున పుట్టినదాని తలకంటే జాగ్రత్తగా చూశాను. దాన్ని నాకు చెప్పకుండా నాశనం చేసింది మీరు. ఇప్పుడు వదిలెయ్యమనేదీ మీరేనా? అసలు ఎందుకు వేశారు ఆ రంగు? విసుగు పుట్టిందా? విసుగు పుడితే గోడకి వేసుకుంటారు సున్నం. నిజం చెప్పండి, లేకపోతే ఈ తలుపు తీయను."

అత్తగారు చెయ్యి చాచి వేడిగాలి మిషను ఆపేసింది. మిషను చల్లారుతూ చిటపటలాడింది.

"నాకో కూతురుంది," అంది చివరికి.

దువ్వెన నోరు రెండోసారి తెరుచుకుంది. ఇన్నేళ్లలో ఈ మాట ఆవిడ నోట వినలేదు.

"అమ్మలూ అని పిలిచేదాన్ని. చిన్నప్పుడు దానికి బడిలో బహుమతి వచ్చింది. ఎప్పుడూ షూటింగులే, దాని బడి గుమ్మం ఎక్కడుందో కూడా నాకు తెలీదు. ఆరోజు ఎలాగో తీరిక చేసుకుని వెళ్లాను. అది స్టేజీ ఎక్కింది. పిల్లలందరూ దాన్ని చూడ్డం మానేసి నా వైపు తిరిగి, అదిగో రాక్షసి, అదిగో పాయ అని ఒకటే గోల. అది బహుమతి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దయ్యాక ఒకరోజు అంది, నువ్వొస్తే నేనెవరికీ కనబడనమ్మా, ఆ పాయే కనబడుతుంది అని. కోపంగా అంటే తిట్టి ఊరుకుందును. చాలా నెమ్మదిగా అంది. నేనూ ఒక మాట అన్నాను. ఆ పాయే నీకు కూడు పెట్టింది అన్నాను. అంతే. వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు, నేనూ వెళ్లలేదు."

"ఇప్పుడు?"

"పాప పుట్టిందట. ఎవరో చెబితే తెలిసింది." ఆవిడ పాయని చెవి వెనక్కి తోసుకుంది. "పాయ లేకుండా వెళ్దామనుకున్నానే. ఉత్త అమ్మలా. నల్లగా వేసుకుని, నిన్న సాయంత్రం దాని గుమ్మం ముందు నిలబడ్డాను. మొన్న వానలో ఎత్తాను చూడు, అలాగే చెయ్యెత్తాను బెల్లు మీదికి. మొన్నయితే డైరెక్టరు కట్ అన్నాడు. నిన్న ఎవరూ అనలేదు. అయినా చెయ్యి దిగిపోయింది. తిరిగొచ్చేశాను. అందుకేనే, ఆ సీనైనా చెయ్యాలనుకున్నాను. దాని గుమ్మంలో నోరు రాలేదు. ఇక్కడైతే ఎవరో రాసిచ్చారు, నేను చెప్పగలను. ఎప్పుడో ఏ సాయంత్రమో టీవీ పెడితే అదీ వింటుంది కదా."

దువ్వెన ఆవిడ భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది. కానీ ఆ చెయ్యి వేస్తే ఇద్దరూ ఏడుస్తూ కూర్చుంటారని, భోజనాలు అయిపోతాయని, అవతల వడ్రంగులు లేస్తారని ఆమెకి తెలుసు. అందుకని రెండు సీసాలూ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అయితే ఇవాళ ఆ బెల్లు నొక్కుతున్నారు. తల వంచండి."

"మళ్లీ నల్లబడితే?"

"మళ్లీ కడుగుతాను. నీళ్లు అయిపోతే పక్క సెట్టు నుంచి మోయిస్తాను. ఈసారి నేను చాలు అనేదాకా తల ఎత్తారో, మీ అత్తగారితనం నేను చూపిస్తాను మీకు."

మందు మళ్లీ పూసింది, చుట్టింది, కప్పింది, విప్పింది. తొట్టి మీదికి తల వంచి కొళాయి తిప్పింది. మెడ కింద తువ్వాలు మడిచి పెట్టింది. ఇక కడుగుడే. షాంపూ వెయ్యడం, నీళ్లు పొయ్యడం, పాయని వేళ్ల మధ్య పట్టి కుదుళ్ల నుంచి కొసల దాకా పిండడం. మేనేజరు తలుపు బాదాడు, బతిమాలాడు, చివరికి తిట్టాడు. దువ్వెన పలకలేదు. అత్తగారు తొట్టిలోంచే డైలాగు చెప్పుకుంటోంది. సగం మాటలు నీళ్లలో కలిసిపోతున్నాయి. కుడి చెయ్యి తిమ్మిరెక్కితే దువ్వెన ఎడమ చేత్తో కడిగింది. పిండిన నీళ్లు తెల్లగుడ్డ మీద పోసి చూసింది. గుడ్డకి బూడిదరంగు అంటింది. ఇంకా ఉంది. మళ్లీ కడిగింది. గుడ్డ మీద ఏ రంగూ అంటకుండా నీళ్లు దిగిపోయేదాకా కడిగింది.

అప్పుడు పసుపు చంపే వంకాయరంగు షాంపూ తీసి, తుప్పు మిగిలిన చోట కాస్త ఎక్కువగా, మిగతా చోట్ల పైపైన రాసి, కళ్లార్పకుండా చూస్తూ, సరిగ్గా సమయానికి కడిగేసింది. ఈసారి వేడిగాలి జోలికి పోలేదు. తడిసిన సీను కాబట్టి తడిలోనే చూడాలి. దీపం దగ్గరికి పెట్టి చూసింది. తెల్లగా ఉంది. ఇంకాసేపు ఆగింది. తెల్లగానే ఉంది. పాడైన నాలుగైదు వెంట్రుకల్ని అడుక్కి తోసి పైన మంచివి కప్పింది.

"చాలు," అంది.

అత్తగారు తలెత్తి అద్దంలో చూసుకుంది. దువ్వెన తడిచెయ్యి పట్టుకుని కళ్లకి అద్దుకుంది.

"కంపు కొడుతుంది, వదలండి," అంది దువ్వెన, మొహం అటు తిప్పుకుని.

తడిచీర కట్టించమని కాస్ట్యూమ్ మనిషికి అప్పజెప్పి తను వరండాలోకి వచ్చింది. గేటు కాపలాదారు ఎదురొచ్చాడు. అతని వెనకాల ఒకమ్మాయి, భుజాన నిద్రపోతున్న పసిబిడ్డ.

"అత్తగారి కోసమట. లోపలికి పంపనంటే కదలనంటోంది," అన్నాడు.

ఆ అమ్మాయి కణత మీద పాయ లేదు. గడ్డం మాత్రం అచ్చం ఆవిడదే. దువ్వెనకి చెప్పక్కర్లేకపోయింది.

"నిన్న సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి వెళ్లిపోయింది మా అమ్మేనా అండీ?" అంది ఆ అమ్మాయి. "మా తలుపు బెల్లుకి కెమెరా ఉంది. ఎవరో నల్లజుట్టు ఆవిడ, చెయ్యెత్తి, దించేసి వెళ్లిపోయింది. మొహం సరిగ్గా పడలేదు. ఎవరో అనుకున్నాను. ఇవాళ పొద్దున మళ్లీ వేసి చూస్తుంటే, వెనక్కి తిరిగి వెళ్లేటప్పుడు ఆ నడక..." ఆగింది. "పాయ ఉండుంటే నిన్ననే పరుగెత్తుకెళ్లి పట్టుకునేదాన్ని."

దువ్వెనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎవరి కోసం పాయ చెరిపేసుకుందో వాళ్లకే గుర్తు దొరక్కుండా పోయింది ఆ తల్లి.

"ఉంది. పాయ ఉంది. మీకు ఇప్పుడే చూపిస్తాను."

"వద్దండీ. నేను మాట్లాడాలని రాలేదు. ఒంట్లో బాగుందో లేదో కనుక్కుని వెళ్దామని. పాప లేస్తే వెళ్లిపోతాను."

లోపలి నుంచి "షాట్ రెడీ" అని కేక వినిపించింది. దువ్వెన ఒక్క క్షణం ఆలోచించింది. ఇప్పుడు చెబితే ఆవిడ తడిచీరతోనే పరుగెత్తుకొస్తుంది, సీను గోవిందా. చెప్పకపోతే ఈ పిల్ల నిలబడుతుందో లేదో తెలీదు. ఏదైతే అదవుతుందని ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుని, లైట్ల వెనకాల చీకట్లోకి తీసుకెళ్లి, కెమెరా పక్కగా నిలబెట్టింది. నేల మీద తెల్లటి టేపుతో గీత అంటించి ఉంది.

"ఈ గీత దాటకండి. దాటితే కెమెరాలో పడతారు. ఒక్క సీను చూడండి. ఆ తరవాత మీ ఇష్టం."

అమ్మాయి పాపని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

సెట్లో నిశ్శబ్దం. కోడలి వేషం వేసే అమ్మాయి సోఫా పక్కన నిలబడింది. మూసిన తలుపు అవతల అత్తగారు. ఆవిడ నెత్తిన ఎవరో బకెట్టుతో నీళ్లు కుమ్మరించిన చప్పుడు. డైరెక్టరు చెయ్యి ఊపాడు.

ఏమీ జరగలేదు. సెట్లో బెల్లు ఉత్త బొమ్మ, నొక్కినా మోగదు, చప్పుడు తరవాత కలుపుతారు. కానీ అవతల్నుంచి ఆవిడ నొక్కినట్టు గుర్తుగా ఒక దగ్గు దగ్గాలి. దగ్గు వినబడలేదు. మేనేజరు వాచీ చూసుకున్నాడు. చెయ్యి దిగిపోయిందా ఏమిటి దేవుడా అనుకుంది దువ్వెన.

అప్పుడు తలుపు మోగింది. బెల్లు కాదు, పిడికిలి. సెట్టు గోడ అదిరేలా దబ్‌మని ఒకటి, ఆ వెంటనే ఇంకొకటి.

కోడలు ఉలిక్కిపడి తలుపు తీసింది. గుమ్మంలో అత్తగారు. చీర కొసల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎడమ చెంప మీదికి అంటుకున్న వెండిపాయ దీపాల కింద తెల్లగా మెరిసింది. పొద్దున్నుంచీ పడ్డ పాటంతా ఆ మెరుపు చూసి దువ్వెనకి తీరిపోయింది.

"నీ తప్పేం లేదు," అంది అత్తగారు. "తప్పంతా నాదే."

రెండు పేజీలూ చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. లైట్లవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కోడలు గ్లిజరిన్ లేకుండానే ఏడ్చింది. ఆఖరి మాట ఒక్కటే మిగిలింది. "లోపలికి రమ్మంటావా, కోడలా?" అని అడిగి కూలిపోవాలి.

సరిగ్గా అప్పుడు చీకట్లో పాప లేచి కేరుమంది.

డైరెక్టరు తల గిర్రున తిరిగింది. "ఎవరది?" అని గుసగుసగా మేనేజరు. గుమ్మంలో అత్తగారు కదల్లేదు. ఆవిడ చూపు కోడలి మొహం మీంచి జారి, భుజం మీదుగా దీపాల వెనక్కి, చీకట్లోకి వెళ్లింది. దీపాల ఎదురుగా ఉన్నవాళ్లకి వెనక ఏమీ కనబడదు. అయినా చూస్తూనే ఉంది.

"లోపలికి రమ్మంటావా," అంది, "అమ్మలూ?"

ఆ మాట కాయితంలో లేదు. డైరెక్టరు కట్ అనడానికి నోరు తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు, ఎందుకంటే కుళ్లిన కోడిగుడ్ల వాసనతో దువ్వెన అరచెయ్యి వచ్చి ఆ నోటికి అడ్డం పడింది. కెమెరా తిరుగుతూనే ఉంది. పాప ఏడుపు ఆగింది. చీకట్లో చెప్పుల చప్పుడు మొదలైంది, నాలుగడుగులు వినబడి, టేపు గీత దగ్గరికొచ్చి నిలిచిపోయింది.

దువ్వెన తల దించి ఆ పాదాల వంక చూసింది. గీత అంచున ఆగిన ఎడమ కాలు పైకి లేచింది.